బందె కట్టి విడిపించుకున్నాక

'వెండీ అండ్ లూసీ' మొదటిసారి చూసినప్పుడు నేను ఆ సూపర్‌మార్కెట్ కుర్రాడి పక్షం. ముందే ఒప్పేసుకుంటున్నాను. ఎందుకంటే ఈ వ్యాసం సినిమా గురించి ఎంతో, నేను దాన్ని తప్పుగా చూడటం గురించీ అంతే. కథ చివరిదాకా చెప్పేస్తాను కాబట్టి, చూడాలనుకునేవాళ్ళు ఇక్కడ ఆగి చూసొచ్చినా నాకు అభ్యంతరం లేదు. గంటన్నర కూడా పట్టదు.

2008లో కెల్లీ రైకార్ట్ తీసిన సినిమా ఇది. జాన్ రేమండ్ కథ ఆధారం. మిషెల్ విలియమ్స్ వేసిన వెండీ ఇండియానా నుంచి ఒక పాత హోండా కారులో, లూసీ అనే కుక్కని వెంటేసుకుని అలాస్కాకి బయల్దేరుతుంది. అక్కడ చేపల క్యానరీల్లో పని దొరుకుతుందని విన్నది. ఆరెగాన్‌లో ఒక చిన్న ఊళ్ళో కారు మొరాయిస్తుంది. చేతిలో ఉన్నది 525 డాలర్లు. ప్రతి ఖర్చూ ఒక నోటుబుక్కులో రాసుకుంటూ ఉంటుంది. లూసీ తిండి అయిపోతుంది. కుక్కని షాపు బయట కట్టేసి, లోపలికెళ్ళి కుక్క తిండి డబ్బాలు చడీచప్పుడు కాకుండా సంచిలో వేసుకుంటుంది. అక్కడ పనిచేసే ఒక కుర్రాడు పట్టుకుంటాడు. మేనేజరు వదిలేద్దామా వద్దా అని ఊగిసలాడుతుంటే, ఆ కుర్రాడే పట్టుబడతాడు. రూలంటే అందరికీ రూలే అంటాడు. కుక్కకి తిండి పెట్టలేనివాళ్ళు కుక్కని పెంచుకోకూడదు అన్నది వాడి వాదన.

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్ళు. హైదరాబాదులో రూమ్మేట్లతో కలిసి లాప్‌టాప్‌లో చూశాను. కుర్రాడి మాటలో తప్పేముంది అనిపించింది. మాటతీరు కటువే గానీ లాజిక్ సరిగానే ఉంది కదా. ఒక మిత్రుడైతే "కుక్క కోసం ఇంత ఏడుపు సినిమానా" అని మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. నేను చివరిదాకా చూశాను. బావుందనుకున్నాను. వెండీ మీద జాలిపడ్డాను. ఆ జాలిలో "కాస్త ప్లాన్ చేసుకుని బయల్దేరాల్సింది" అన్న విసుగు కూడా ఉంది. ఆ విసుగుని విమర్శనాత్మక దృష్టి అనుకున్నాను.

ఏడేళ్ళ తర్వాత అదే సినిమా మళ్ళీ చూశాను. మధ్యలో జరిగింది ఒక్కటే. మా కుక్క తప్పిపోయింది, డబ్బు కట్టి తెచ్చుకున్నాం.

*

అప్పుడు మేం కాలిఫోర్నియాలో ఉన్నాం. మా కుక్క పేరు చిట్టి. రోబో సినిమా పేరే, సాఫ్ట్‌వేర్ ఇంట్లో ఇంకేం పేరు పెడతాం. జులై 4 రాత్రి బాణసంచా మోతకి హడలిపోయి, సరిగ్గా గడియ పడని పక్క గేటులోంచి పారిపోయింది. మెడ దగ్గర చర్మం కింద మైక్రోచిప్ ఉంది. అందులో నమోదైన ఫోన్ నంబరు మాత్రం నేనెప్పుడో మార్చేసిన పాతది. రోజంతా డేటాబేసులతో పనిచేసేవాడిని, ఒక్క ఫీల్డు అప్‌డేట్ చెయ్యలేదు. మూడో రోజు ఒక షెల్టర్ వెబ్‌సైట్‌లో దాని ఫోటో కనిపించింది. కళ్ళు ఫ్లాష్‌కి మెరుస్తున్నాయి, కింద ఒక నంబరు. మా ఆవిడ అప్పటికే చెప్పులేసుకుంది.

కౌంటర్లో బిల్లు ఇచ్చారు. పట్టి తెచ్చినందుకు ఒక ఫీజు. ఉంచుకున్నందుకు రోజుకింత. రేబిస్ సర్టిఫికెట్ మా చేతిలో లేదు కాబట్టి టీకాకి ఒకటి. లైసెన్సు లేదు కాబట్టి దానికొకటి. మొత్తం 231 డాలర్లు. కార్డు ఇచ్చి సంతకం పెట్టాను. "యజమాని" అన్న గడిలో నా పేరు ప్రింటై వచ్చింది. చిట్టి బయటికొచ్చి మా ఆవిడ మీద పడి ఆవిణ్ణి కింద కూలేసింది.

పక్క కిటికీ దగ్గర ఒకతను ఉన్నాడు. ప్యాంటు నిండా రంగు మరకలు. అతని కుక్కకి ఆపరేషన్ చేయించలేదు, పైగా దొరికిపోవడం ఇది రెండోసారి, అందుకని ఫీజు ఎక్కువ. శుక్రవారం జీతం వస్తుంది, అప్పుడు కట్టొచ్చా అని అడిగాడు. కట్టొచ్చు గానీ అప్పటికి ఇంకో మూడు రోజుల ఖర్చు కలుస్తుందని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. విసుక్కోలేదు, నెమ్మదిగానే చెప్పింది. ఆఖరి రోజు ఎప్పుడని అడిగాడు. ఆమె ఒక కాగితం మీద తేదీ రాసిచ్చింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, నన్నూ చిట్టినీ దాటుకుని వెళ్ళిపోయాడు.

నేనేమీ చెయ్యలేదు. కార్డు ఇంకా చేతిలోనే ఉంది.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "అంటే బందె కట్టి తెచ్చుకున్నావన్నమాట" అంది. నాకు అర్థం కాలేదు. పూర్వం ఊళ్ళో బందెలదొడ్డి ఉండేదట. పశువు తప్పిపోయి పరాయి పొలంలో పడితే అందులో తోలేసేవాళ్ళు. బందె కడితేనే వదులుతారు. కట్టేదాకా రోజురోజుకీ మేత ఖర్చు పెరుగుతుంది. ఎవరూ రాకపోతే వేలం. ఒకసారి అమ్మమ్మ వాళ్ళ గేదె ఎవరి పెసర చేలోనో పడితే, చేబదులు దొరకడానికి రెండు రోజులు పట్టి, ఆ రెండు రోజుల మేతకీ కలిపి కట్టాల్సొచ్చిందట. "లేనోళ్ళకే ఎక్కువ పడేదిరా" అని నవ్వింది.

తర్వాత వెతికితే తెలిసింది, దీనికి 1871లో వచ్చిన పశువుల చట్టమే ఉంది. అమ్మ చెప్పిన లెక్కని మా భాషలో చెప్పాలంటే, రోజుల సంఖ్యతో పాటు పెరిగే ఫంక్షన్. డబ్బు ఉన్నవాడు మొదటి రోజే వస్తాడు, తక్కువ కడతాడు. లేనివాడు డబ్బు పోగుచేసుకునేసరికి ఆ డబ్బు చాలకుండా పోతుంది. దీనికోసం ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. రూలు అందరికీ ఒకటే అయితే చాలు. సూపర్‌మార్కెట్ కుర్రాడు చెప్పిందీ అదే.

*

తప్పిపోయిన కుక్కని డబ్బిచ్చి విడిపించుకోవడం గురించి సాహిత్యంలో నాకు తెలిసిన అతి సరదా కథ వర్జీనియా వుల్ఫ్ 1933లో రాసిన 'ఫ్లష్'. కవయిత్రి ఎలిజబెత్ బారెట్ పెంచుకున్న స్పానియల్ కుక్క జీవితచరిత్ర అది. ఆ రోజుల్లో లండన్‌లో ఉన్నవాళ్ళ కుక్కల్ని ఎత్తుకుపోయి డబ్బు గుంజే ముఠాలుండేవి. వీధికుక్కలకీ తప్పిపోయిన కుక్కలకీ అక్కడ ఒక ఆశ్రయం, తర్వాత బ్యాటర్సీ పేరుతో ప్రసిద్ధమైనది, 1860లో గానీ మొదలవలేదు. ఫ్లష్ నిజానికి మూడుసార్లు దొంగల పాలైంది. వుల్ఫ్ మూడింటినీ కలిపి ఒకటి చేసి, ఆ సంగతి చివర నోట్స్‌లో తనే చెప్పేసింది. మిస్ బారెట్ దొంగలకి మొత్తం చెల్లించింది 20 పౌండ్లని లెక్క కూడా ఇచ్చింది.

నవల్లో దొంగల నాయకుడు ఆరు గినీలు అడుగుతాడు. ఇవ్వకపోతే కుక్క తలా పాదాలూ పార్శిల్లో వస్తాయని భయం. తండ్రి ఇవ్వద్దంటాడు. ప్రేమికుడు రాబర్ట్ బ్రౌనింగ్ కూడా ఇవ్వద్దంటాడు, దుర్మార్గానికి లొంగితే దుర్మార్గం పెరుగుతుందని. ఏళ్ళ తరబడి గది దాటని ఆ రోగిష్ఠి మనిషి, పనిమనిషిని తోడు తీసుకుని బండెక్కి దొంగల పేటకే పోతుంది. వుల్ఫ్ ఈ భాగాన్ని ఎంత హుషారుగా రాసిందంటే, కుక్క కథ చదువుతున్నామనుకుంటూ ఒక స్త్రీ మొదటిసారి ఇంటి మగవాళ్ళందరి మాటా కాదన్న కథ చదివేస్తాం.

ఇప్పుడు మళ్ళీ చదివితే నాకు ఇంకోటి కనిపించింది. ఇందులో డబ్బు ఇవ్వాలా వద్దా అన్నదే ప్రశ్న. డబ్బు ఉందా అన్న ప్రశ్న ఎవరికీ రాదు. బ్రౌనింగ్ సిద్ధాంతం మాట్లాడగలిగిందీ, బారెట్ దాన్ని ధిక్కరించగలిగిందీ ఆరు గినీలు ఇంట్లో ఉన్నాయి కాబట్టే. ఇంకోటి, దొంగకి రుజువులక్కర్లేదు. ఆ కుక్క ఆవిడదేనని వాడికి తెలుసు. తన చేతిలో ఉన్నది ఆవిడ ప్రేమ అని కూడా తెలుసు, రేటు పెట్టింది దానికే. షెల్టర్ కౌంటర్ అలా కాదు. అది దొంగ కాదు, నిజంగానే ప్రాణాలు కాపాడే చోటు. కానీ దానికి కావాల్సినవి అడ్రసు, ఫోన్ నంబరు, టీకా కాగితం, కార్డు. ప్రేమ ఎంతున్నా రాసుకోవడానికి ఆ ఫారంలో గడి లేదు.

*

ఆ ఫారానికి ఈ పక్క డబ్బులేనివాణ్ణి నిలబెట్టిన సినిమా 1952లో విత్తోరియో దె సీకా తీసిన 'ఉంబెర్తో డి.' రచన చెజారే జవత్తీని. ఉంబెర్తో రిటైరైన ప్రభుత్వోద్యోగి. పెన్షన్ అద్దెకే చాలదు. ఇల్లుగలావిడ వెళ్ళగొట్టే ప్రయత్నంలో ఉంటుంది. ఉన్న ఒకే తోడు ఫ్లైక్ అనే కుక్క. ఆ పాత్ర వేసిన కార్లో బాత్తీస్తి నటుడు కాదు, భాషాశాస్త్ర ప్రొఫెసరు. అందుకేనేమో, పరువు కాపాడుకోవడానికి అతను పడే తంటాలో ఎక్కడా నటన వాసన రాదు.

ఉంబెర్తో జ్వరమని ఆసుపత్రిలో చేరి తిరిగొచ్చేసరికి ఫ్లైక్ ఉండదు. టాక్సీ ఎక్కి కుక్కల దొడ్డికి పరిగెత్తుతాడు. టాక్సీవాడి దగ్గర చిల్లర ఉండదు. చిల్లర కోసం అక్కర్లేని ఒక గాజు గ్లాసు కొంటాడు. మొదటిసారి చూసినప్పుడు ఇది హాస్యం కోసం పెట్టారనుకున్నాను. కాదు. డబ్బు తక్కువైనవాడికి డబ్బు ఖర్చుపెట్టడానికి కూడా డబ్బు ఖర్చవుతుందని ఒక్క గ్లాసుతో చెప్పాడు దె సీకా.

లోపల వ్యాన్లలోంచి కుక్కల్ని దింపుతుంటారు. ఎవరూ రాని కుక్కల్ని ఏం చేస్తారో ఉంబెర్తో కళ్ళతో చూస్తాడు. అక్కడే ఇంకొకతను ఉంటాడు. పేరు లేదు. కుక్క దొరికింది, కట్టడానికి డబ్బు లేదు. తీసుకెళ్ళకపోతే చంపేస్తారా అని అడుగుతాడు. గుమాస్తాకి తొందర, వెనక జనం ఉన్నారు. ఆ మనిషి తేల్చుకోలేక నిలబడిపోతాడు. కెమెరా అతని దగ్గర ఎక్కువసేపు ఉండదు. మన ప్రాణమంతా ఫ్లైక్ దొరుకుతుందా లేదా అన్న దానిమీదే ఉంటుంది. దొరుకుతుంది. మనం ఊపిరి పీల్చుకుంటాం. ఆ ఊపిరితో పాటే అతన్ని మర్చిపోతాం.

దె సీకా సినిమాల్లో కన్నీళ్ళు పిండే గుణం ఉందని విమర్శ ఉంది, కొంతవరకు నిజమే. కుక్కతో తీసినప్పుడు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. కానీ ఆ పేరులేని మనిషి ఈ సినిమాని కాపాడతాడు. అతను లేకపోతే ఇది ఒక ముసలాయనకి కుక్క దొరికిన కథ. అతనుండటం వల్ల, దొరకడం కూడా ఒక స్థోమత అని తెలుస్తుంది. ఉంబెర్తో అతన్ని చూసి ఏమీ చెయ్యడు, చెయ్యలేడు. ఆ సీను మళ్ళీ చూస్తున్నప్పుడు నేను పాజ్ నొక్కి కాసేపు లేచి తిరిగాను. ఉంబెర్తోకి ఉన్న సాకు నాకు లేదు.

*

మళ్ళీ వెండీ దగ్గరికి. పోలీసులు పట్టుకెళ్ళి, వేలిముద్రలు తీసి, 50 డాలర్ల జరిమానా కట్టించుకుని వదిలేసరికి గంటలు గడిచిపోతాయి. షాపు బయట లూసీ ఉండదు. సాయంత్రం ఆ కుర్రాణ్ణి వాళ్ళమ్మ కారులో ఎక్కించుకుపోతుంటే వెండీ దూరంనుంచి చూస్తుంది. తొలిసారి ఈ షాట్‌ని నేను పట్టించుకోనే లేదు. సొంతకాళ్ళ మీద నిలబడాలని వెండీకి బోధించినవాడు ఇంటికి సొంతంగా వెళ్ళలేడు. రైకార్ట్ దాన్ని ఎత్తిచూపదు. కారు వచ్చింది, కుర్రాడు ఎక్కాడు, అంతే.

కుక్కల షెల్టర్లో వెండీ బోనుల వరస పొడుగునా నడుస్తుంది. కెమెరా ఆమెతో పాటే సాగుతుంది. ఒక్కో బోనులో ఒక్కో కుక్క. లూసీ లేదు. ఫారం నింపాలి. అడ్రసు లేదు, ఫోను లేదు. చివరికి పార్కింగ్ స్థలంలో కాపలా ఉండే ముసలాయన తన ఫోన్ వాడుకోమంటాడు. అడ్రసుంటేనే అడ్రసు దొరుకుతుంది, ఉద్యోగముంటేనే ఉద్యోగం దొరుకుతుంది అని నిట్టూర్చేదీ అతనే. వెళ్ళేముందు ఎవరూ చూడకుండా ఆమె చేతిలో కొన్ని నోట్లు పెడతాడు. మనకవి కనబడతాయి, చాలా కొద్ది డాలర్లు. ఒక కాఫీ, ఒక శాండ్‌విచ్ అంత. తొలిసారి నాకు నవ్వొచ్చింది కూడా, ఇంతేనా అని. కౌంటర్ దగ్గర కార్డు పట్టుకుని నిలబడి ఏమీ ఇవ్వనివాడికి ఆ "ఇంతేనా" చాలా పెద్దగా కనిపిస్తుంది.

సినిమా గొప్పదనం ఆ తర్వాత ఉంది. లూసీ దొరుకుతుంది, కానీ కౌంటర్లో కాదు. ఒక ఇంట్లోవాళ్ళు దాన్ని తెచ్చి పెంచుతున్నారు. పెరడు, కంచె, ఎండ. వెండీ కంచె ఇవతల నిలబడి కర్ర విసిరి ఆడుతుంది. లూసీ తోక ఊపుతూ తెచ్చిస్తుంది. కారు రిపేరు ఖర్చు కారు విలువకన్నా ఎక్కువని అప్పటికే తేలిపోయింది. చేతిలో ఏమీ లేదు. డబ్బు సంపాదించి వస్తానని లూసీకి మాటిచ్చి, ఏడుస్తూ వెళ్ళిపోయి, ఒక గూడ్సు రైలెక్కుతుంది.

కుక్క, గుమ్మం అనగానే మనకి గుర్తొచ్చేది ధర్మరాజు. కుక్కని వదిలేస్తేనే స్వర్గం అంటే, అలాంటి స్వర్గం వద్దన్నాడు. వదలకపోవడమే ధర్మమని మనకి ఉగ్గుపాలతో పట్టిన కథ. వెండీ వదిలేసింది కాబట్టి ఓడిపోయిందని మొదటిసారి అనుకోవడంలో ఆ కథ ప్రభావం కూడా ఉందేమో. కానీ ధర్మరాజుది ఒకే ఒక్క ప్రశ్న ఉన్న పరీక్ష. రేపు ఆ కుక్కకి ఏం పెడతావని ఇంద్రుడు అడగలేదు. అతను వదలనన్నాడు, కుక్క ధర్మదేవతగా మారింది, తిండి సమస్యే లేకుండా పోయింది. లూసీ చివరిదాకా కుక్కే. దానికి పొద్దున్నే ఆకలేస్తుంది. కంచె అవతల తిండి ఉంది, ఇవతల లేదు. ఇక్కడ వదలడమే వదలకపోవడం.

రైకార్ట్ ఇంకో మాయ చేసింది. కుర్రాడు చెప్పినట్టే వెండీ చేసింది. తిండి పెట్టలేనిది, కుక్కని పెంచుకోలేదు. రూలు గెలిచింది. ఆ గెలుపు ఎలా ఉంటుందో చూడమని మనల్ని కంచె దగ్గర నిలబెట్టింది. ఎవరినీ దుర్మార్గులుగా చూపించలేదు. షెల్టర్ తన పని చేసింది, పెంపుడు ఇల్లు మంచిదే. కత్రీనా తుఫాను తర్వాత వినిపించిన మాటలు, పేదవాళ్ళు ముందే జాగ్రత్త పడాల్సిందన్న ధోరణి, ఈ సినిమాకి విత్తనమని ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆ తుఫానులో దూరమైన కుక్కలు కొత్త ఇళ్ళకి చేరిపోయాక, వాటిని వెనక్కి తెచ్చుకోవడానికి పాత యజమానులు పడిన అగచాట్ల మీద 'మైన్' అని 2009లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అందులోనూ రెండువైపులా ప్రేమే ఉంటుంది. అందుకే చూడటం కష్టం.

ఫీజే ఉండకూడదని నేననను. షెల్టర్లో తిండి, మందులు, జీతాలు ఎక్కడినుంచో రావాలి. ఫీజు లేకపోతే గేటు గడియ వెయ్యనివాళ్ళు ఇంకా పెరుగుతారు, నాతో కలిపి. నా ఫిర్యాదు ఫీజు మీద కాదు, దాన్ని చూసి మనం చేసే తీర్పు మీద. 231 డాలర్లు కట్టినందుకు నేను బాధ్యతగల యజమానినయ్యాను. గేటు సరిచెయ్యనివాణ్ణి నేనే, నంబరు మార్చనివాణ్ణీ నేనే. రంగు ప్యాంటు మనిషి కుక్క ఎలా తప్పిపోయిందో నాకు తెలియదు. అయినా ఆ రోజు కారులో ఇంటికొస్తూ నా మనసులో మెదిలిన మాట, "రెండోసారి దొరికిందంటే కాస్త చూసుకోవాలి కదా." సూపర్‌మార్కెట్ కుర్రాడు సినిమాలోంచి దిగి నా పక్క సీట్లో కూర్చున్నాడు. నేనే వాణ్ణి ఇంటిదాకా దింపాను.

విమర్శ రాసేవాళ్ళం పాత్రల పట్ల సానుభూతి గురించి చాలా మాట్లాడతాం. సానుభూతి పుట్టిందా లేదా అన్నదాన్ని బట్టి సినిమాకి మార్కులేస్తాం. వెండీ మీద నాకు మొదటిసారే సానుభూతి పుట్టింది. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు, నా చూపు కూడా మారలేదు. ఈ సినిమా జాలి అడగడం లేదని ఇప్పుడు తెలుస్తోంది. లెక్క చూడమంటోంది. వెండీ నోటుబుక్కులో ఉన్నట్టు, ఎవరి దగ్గర ఎంత ఉంది, ఎంత పోయింది, పక్కనున్నవాడి దగ్గర ఎంత ఉండి ఎంత ఇచ్చాడు.

ఆ శుక్రవారం నేను ఆఫీసులోంచి షెల్టర్ వెబ్‌సైట్ రెండుసార్లు చూశాను. గోధుమరంగు కుక్క, ఒక చెవి మడిచి ఉంటుంది, ఫోటో అలాగే ఉంది. శనివారం పొద్దున చూస్తే లేదు. ఆ పేజీలోంచి ఫోటో పోవడానికి మూడు కారణాలుంటాయి. యజమాని వచ్చి తీసుకెళ్ళడం ఒకటి. కొత్తవాళ్ళు పెంచుకోవడం ఒకటి. ఫోన్ చేసి అడిగితే మూడింట్లో ఏదో చెప్పేవాళ్ళు. నంబరు పేజీ కిందే ఉంది.

చెయ్యలేదు.